అనుమానం వస్తే లోపలే

ఎదురింటి సారు పోయారన్న కబురు నాకు దుకాణం దగ్గర తెలిసింది. షట్టరు ఎత్తబోతుండగా మా టెన్నిస్ లీగు వాట్సాప్ గ్రూపు మోగింది. చర్చి వీధి దేవసహాయం పెట్టాడు: "సారు ఇంక లేడు." మరో ఊళ్ళో అయితే దాని కింద వరసగా దణ్ణాలు పెట్టే బొమ్మలు వచ్చేవి. మా నందికొట్కూరులో వచ్చిన జవాబులు వేరు. "ఎవరు చెప్పినారు?" అని ఒకరు. "నువ్వు చూసినావా?" అని ఇంకొకరు. "నిన్న సాయంత్రం గూడా సున్నం జల్లెడ పడతాండె గదప్పా" అని టైలరు ఖాదర్ భాయ్.

నేను అందరికంటే గట్టిగా నమ్మలేదు. ఎందుకంటే కాసేపటి కిందటే, ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు, ఆయన వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని నాకు చేయి ఊపారు. నేను నా కళ్ళతో చూశాను. ఎవడో ఎక్కడో పొరపాటు పడ్డాడనుకుని షట్టరు సగంలో వదిలేసి, స్కూటరు వెనక్కి తిప్పాను. మా వీధి మలుపు తిరగ్గానే ఆయన గేటు ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. ఆ చెప్పులు చూశాక నమ్మాను. వరండా మెట్టు మీద కాఫీ గ్లాసు అలాగే ఉంది. కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట.

ఆయన్ను గురించి నాలుగు మాటలు రాయమని లీగు వాళ్ళు నాకే అప్పజెప్పారు. ఎదురింట్లో ఉన్నానని ఒక కారణం. ఆయన మీద అందరికంటే ఎక్కువ నిఘా పెట్టింది నేనేనని రెండో కారణం. రెండూ నిజమే.

సారు శ్రీశైలం పవర్‌హౌస్‌లో ఇంజనీరుగా చేసి రిటైరై మా వీధికి వచ్చారు. అక్కడి కాలనీలో ఆఫీసర్ల క్లబ్బు ఉండేదట, దానికో టెన్నిస్ కోర్టు. ఉద్యోగమంతా ఆయన సాయంత్రాలు అక్కడే గడిచాయి. ఇక్కడ ఇల్లు కట్టుకుని, సామాను సర్దుకున్నారో లేదో, ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. "మనూళ్ళో టెన్నిస్ లీగు పెడదామప్పా. వయసుతో పనిలేదు. ఆట వచ్చినా రాకున్నా పర్వాలేదు, నేను నేర్పిస్తా" అనేవారు. లీగంటే ఏమిటని అడిగితే, "పేరిచ్చిన ప్రతివాడూ ప్రతివాడితో ఒకసారి ఆడాల. ఎవరూ ఎవర్నీ తప్పించుకునేందుకు లేదు" అని చెప్పేవారు.

మా ఊళ్ళో ఒక మనిషి లాభం లేకుండా ఇల్లిల్లూ తిరిగాడంటే నమ్మేవాళ్ళు లేరు. తిరిగేది ఓట్ల కోసమైనా అయి ఉండాలి, ప్లాట్లు అమ్మడానికైనా అయి ఉండాలి. వార్డుకు నిలబడతాడని పైవీధి వాళ్ళు తేల్చారు. రెడ్లను మంచి చేసుకోవడానికని చర్చి వీధి వాళ్ళన్నారు. చర్చి వీధి వాళ్ళను కూడగట్టడానికని రెడ్లన్నారు. నేను ఎరువులు, పురుగుమందుల దుకాణం వాణ్ణి. మందు పనిచేయలేదని ఖాళీ సీసా తెచ్చి చూపించే రైతును, పనిచేస్తుందని ఒట్టు పెట్టే కంపెనీ మనిషిని, ఇద్దర్నీ రోజూ చూస్తుంటాను. ఇద్దర్నీ నమ్మను. అనుమానం నాకు పొద్దున లేచి ముఖం కడుక్కోవడం లాంటిది. అందుకే పేరు ఇచ్చాను. లోపల ఉంటే గుట్టు త్వరగా తెలుస్తుందని.

కోర్టుకు స్థలం దొరికిన తీరు నా అనుమానాన్ని ఇంకాస్త పెంచింది. ఊరి చివర మూతపడిన పత్తి మిల్లు ఉంది. ఒకప్పుడు పత్తి బోరాలు దించిన ఆవరణ ఖాళీగా పడి ఉంది, గట్టి గరుసు నేల. దాని యజమాని పెద్దరెడ్డి, ఎవరికీ జానెడు నీడ కూడా ఊరికే ఇచ్చే మనిషి కాదు. అలాంటివాడు సారు అడగ్గానే సరేనన్నాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. మా అందరినీ గేటు దగ్గర నిలబెట్టి, చేతిలో ఇంత పెద్ద బీగం చూపించాడు.

"ఆడుకోండి, కాదనను. ఒక్క గలాటా అయిందనుకో, ఆ రోజే గేటుకు ఇది పడుతుంది. మళ్ళా తీసేది లేదు. మన ఊరి సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆ బీగాన్ని తాళం వేయకుండా గేటు కొక్కేనికి తగిలించాడు. లీగు నడిచినన్నాళ్ళూ అది అక్కడే వేలాడింది. ఆడేవాళ్ళందరం లోపలికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాన్ని చూసేవాళ్ళం.

అసలు గొడవ రూల్స్ చెప్పిన రోజు వచ్చింది. శ్రీశైలం క్లబ్బు నుంచి తెచ్చిన పాత నెట్టుకు ఖాదర్ భాయ్ చిరుగులు కుట్టి ఇచ్చాడు. దాన్ని కట్టి, గీతలు గీసి, సారు మమ్మల్ని నెట్టు చుట్టూ నిలబెట్టారు. అంపైరు ఉండడని చెప్పారు.

"అంపైరు లేకుండా ఎట్ల సార్? బంతి లోపల పడిందా బయట పడిందా ఎవరు చెప్పాల?" అన్నాను నేను.

"బంతి ఎవరి వైపు పడితే వాళ్ళే చెప్పాల."

"అవతలోడు కొట్టిన బంతిని నేను లోపలని చెప్పాల్నా? పాయింటు వానికి పోతుంది గదా?"

"పోతుంది."

"ఇదెక్కడి న్యాయం సార్! వాడు దొంగ మాట చెప్తే?" అని ఖాదర్ భాయ్ నవ్వాడు.

సారు టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పేముందు ఆయనకది అలవాటు. "నేను అంపైర్ను పెట్టినాననుకో. వాడు ఎవరి మనిషని అడుగుతారు. వాని మీద ఇంకొకర్ని పెడితే, వీడెవరి మనిషంటారు. దానికి అంతుండదప్పా. ప్రపంచమంతా ఇట్ల సరదాకు ఆడేవాళ్ళు ఇదే పద్ధతిలో ఆడతారు. బంతి ఎవరి వైపు పడితే మాట వాళ్ళది. సరిగా చూడలేదనుకో, లోపలా బయటా అని అనుమానమొచ్చిందనుకో, అప్పుడు లోపలే. అనుమానం మీద పాయింటు తీసుకునే హక్కు ఎవరికీ లేదు."

నేను ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను, ఈ లీగు రెండు వారాలు కూడా నడవదని. అనుమానం వస్తే అవతలివాడికి ఇవ్వాలట, మా ఊళ్ళో!

మొదట్లో మేము ఆడిన ఆట చూసి ఉంటే టెన్నిస్ అనరు. ఆడేవాళ్ళు ఇద్దరు, వాళ్ళ సాక్షులు ఇరవై మంది. ఒకడు బావమరిదిని గీత దగ్గర కూర్చోబెట్టేవాడు. ఇంకొకడు సెల్‌ఫోన్ చేత పట్టించి వీడియో తీయించేవాడు. ఆ వీడియో అబద్ధమని అవతలివాడు ఇంకో వీడియో తెచ్చేవాడు. గట్టి నేల మీద బంతి గుర్తు సరిగా పడదు. పడినా, ఇది ఈ బంతిదా నిన్నటిదా అని వేరే పంచాయితీ. సారు ఎవర్నీ కసిరేవారు కాదు. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన కూజాలో నీళ్ళు వంచుకుని తాగుతూ, మా పంచాయితీ అయ్యేదాకా ఆగి, "ఆడండప్పా, ఎండ వస్తాండాది" అనేవారు.

ఆయన మాత్రం తాను ఆడేటప్పుడు ఆ ఆవరణంతా వినబడేట్టు "లోపలే!" అని అరిచేవారు. ఎదుటివాడు కొట్టిన మంచి బంతిని చూసి, అది తనే కొట్టినంత సంబరంగా. నాకది వింతగా ఉండేది. ఓడిపోతూ అంత గట్టిగా ఎందుకు అరుస్తాడు? ఏదో ఉంది, ఉండి తీరాలి అనుకునేవాణ్ణి.

ప్రతి ఆట రోజూ తెల్లవారగానే గీతలు ఆయనే గీసేవారు. బొచ్చెలో సున్నం పొడి, రెండు మేకులు, ఒక పురికొస తాడు. తాడు కట్టి, వంగి, గుప్పిట్లోంచి సున్నం వదులుతూ వెనక్కి నడిచేవారు. ఎవరైనా సాయానికి వస్తే వద్దనేవారు. గీతలు తనకు కావలసిన వాళ్ళ కోసం వంకర పెడుతున్నాడేమోనని నేనొకసారి వెనకే నడిచి చూశాను. ఆయన తల ఎత్తకుండానే, "కొలవాలంటే టేపు ఆ సంచిలో ఉండాదప్పా" అన్నారు. నేను కొలిచాను. సరిగ్గానే ఉంది.

అలా గునుస్తూ, గొణుగుతూనే మా లీగు నడిచింది. ఎందుకు నడిచిందో నాకు తెలియదు. బీగం పడితే సారు ఏమైపోతారో అన్న జాలి కొంత, ఎప్పుడు పడుతుందో చూద్దామన్న సరదా కొంత.

అది పడినంత పనైన రోజు ఒకటుంది. పెద్దరెడ్డి కొడుకు చిన్నరెడ్డికీ, దేవసహాయానికీ ఆట. చిన్నరెడ్డి కాంట్రాక్టులు చేస్తాడు, ఆవరణ తమది గనుక ఆటా తమదే అన్న ధీమా ఉండేది. దేవసహాయం స్కూలు టీచరు. వాళ్ళ నాన్న ఇదే మిల్లులో, ఇదే నేల మీద పత్తి బోరాలు మోశాడు. ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే చూడడానికి రెండు వీధుల వాళ్ళూ వచ్చారు. పెద్దరెడ్డి కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆట సమానంగా సాగి చివరికొచ్చింది. చిన్నరెడ్డి బలంగా కొట్టాడు, బంతి గీత దగ్గర పడి దుమ్ము లేచింది. దేవసహాయం "ఔట్" అన్నాడు.

"లోపల పడింది!" అని ఇటు నుంచి పది గొంతులు. "చెప్పినాడు గదా, ఔటు!" అని అటు నుంచి పది గొంతులు. జనం నేల మీది నుంచి లేచారు. ఎవరో ఎవరి చొక్కానో పట్టుకున్నారు. గేటు దగ్గర ఇనుము చప్పుడైంది. చూస్తే పెద్దరెడ్డి కొక్కెం నుంచి బీగం తీసి చేతిలో పట్టుకున్నాడు.

సారు కుర్చీలోంచి లేచి నెట్టు దగ్గరకు నడిచారు. కాలు తగిలి కూజా ఒరిగి నీళ్ళు కారిపోతున్నా తిరిగి చూడలేదు. ఆ లీగు ఆయనకు కాలక్షేపం కాదని నాకు అప్పుడు తెలిసింది.

"సార్, నువ్వు చూసినావా?" అని పెద్దరెడ్డి అరిచాడు.

"చూసినా."

"యాడ పడింది?"

"చెప్పను."

"చెప్పకపోతే ఎట్ల? నీ మాటైతే అందరం వింటాం!"

"అందుకే చెప్పను రెడ్డీ. ఈ పొద్దు నేను చెప్తే రేపటి నుంచి నన్నే అడుగుతారు. ఎల్లుండి నేను ఎవరి మనిషని అడుగుతారు. బంతి ఆయన వైపు పడింది. మాట ఆయనది. బీగమేస్తే వెయ్యి."

అని చెప్పి, అందరికీ వీపు తిప్పి, నెట్టు తాడు బిగించడం మొదలుపెట్టారు. అది బిగిసే ఉంది.

దేవసహాయం గీత దగ్గరకు వెళ్ళి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి ఏం లాభం, అక్కడ గుర్తులు బోలెడున్నాయి. వెనక నుంచి వాళ్ళ వీధి వాళ్ళు, "తగ్గొద్దు సామీ" అంటున్నారు. అతను నిటారుగా నిలబడి, "నాకు అనుమానంగా ఉండాది సార్" అన్నాడు.

"అయితే?" అన్నారు సారు, వెనక్కి తిరగకుండానే.

"లోపలే."

ఆ పాయింటుతో పాటు ఆట కూడా పోయింది అతనికి. చిన్నరెడ్డి నెట్టు దాకా వచ్చి చేయి చాచాడు. నవ్వలేదు, చాచాడంతే. గేటు దగ్గర మళ్ళీ ఇనుము చప్పుడైంది. బీగం కొక్కేనికి చేరింది. ఇదంతా ముందే మాట్లాడుకుని ఆడిన నాటకమేమోనని ఆ సాయంత్రం నేను ఖాదర్ భాయ్‌తో అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "నీకు దవాఖానా అవసరం భాయ్" అన్నాడు.

ఆ తర్వాత సాక్షులు తగ్గిపోయారు. బావమరుదులు ఇళ్ళకు పోయారు. మాలో మేమే చెప్పుకుని ఆడే రోజులు వచ్చాయి. సంవత్సరాలు గడిచాయి.

కిందటేడు సారు ఓడిపోవడం మొదలుపెట్టారు. వయసు కదా, ఓడిపోతారు. కానీ ఓడే తీరు నాకు నచ్చలేదు. ఆయన ఎడమ మూలకు ఎవరు ఏ బంతి కొట్టినా "లోపలే!" అనేవారు. ముఖ్యంగా చిన్నరెడ్డి కొట్టినప్పుడు. అతను ఆ మూలకే ఎక్కువ కొట్టేవాడు, అతని బలం అటు. కొన్ని బంతులు జానెడు బయట పడడం చెట్టు కింద కూర్చున్న మాకు తెలుస్తుండేది. మాట ఆయనది గనుక ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు. కానీ గుసగుసలు మొదలయ్యాయి. మిల్లు స్థలం అమ్మేస్తారని ఊళ్ళో మాట పుట్టింది అప్పుడే. స్థలం నిలుపుకోవడానికి సారు రెడ్లకు ఆటలు వదిలేస్తున్నాడని అందరూ అనుకున్నారు. నాకు లోలోపల సంతోషం కూడా కలిగింది. ఇన్నాళ్ళకు గుట్టు దొరికింది!

ఒక సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని సున్నం జల్లెడ పడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మొహం మీదే అడిగాను.

"సార్, మీరు కావాలనే ఓడిపోతాండారా?"

జల్లెడ ఆగింది. టోపీ తీసి, తల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఏదో చెప్తారనుకున్నాను. "శానా ఎండలుండాయి ఈసారి. నీ దుకాణంలో మందులు ఎండకు పెట్టొద్దప్పా" అని మళ్ళీ జల్లెడ పట్టుకున్నారు. లోపల్నుంచి వాళ్ళావిడ తలుపు దగ్గరకు వచ్చి, ఏదో అనబోయి, వెళ్ళిపోయింది. ఆ రెండూ నేను గుర్తుపెట్టుకున్నాను. దొరికిన దొంగ మాట మారుస్తాడని నాకు తెలుసు కదా.

సారు పోయిన రోజు మధ్యాహ్నం ఆయన్ను తీసుకెళ్ళేముందు లీగు వాళ్ళందరం వరండాలో ఉన్నాం. పెద్దరెడ్డి, చిన్నరెడ్డి కూడా వచ్చారు. సారు వాళ్ళావిడను నేను అక్కా అంటాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరినీ చూడకుండా మాట్లాడింది.

"ఎడమ కన్ను పూర్తిగా పోయిందప్పా ఆయనకు. షుగరు. ఏడాది దాటింది. కర్నూలుకు తీసుకుపోతిమి, ఇంక రాదన్యారు. ఆట మానెయ్యమంటే వినలే. మీకెవరికీ చెప్పొద్దని నాతో మాట తీసుకున్యాడు."

"ఎందుకక్కా?" అన్నాను.

"చెప్తే అంపైర్ను పెడతారంట. ఈయన ఒక్కనికి పెడితే రేపు అందరికీ పెట్టాలంటారంట. ఇన్నేండ్లు చేసింది పోతుందన్యాడు. మరి ఆ పక్క బంతి పడితే ఏం జేస్తావయ్యా, కనపడదు గదా అంటి. కనపడని దాన్ని బయటని ఎట్ల చెప్పేదే, లోపలంటా అన్యాడు."

పెద్దరెడ్డి కొడుకు వైపు చూశాడు. చిన్నరెడ్డి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "నాకు తెల్దు నాయనా, దేవుని తోడు, తెలిసుంటే ఆ పక్కకు కొట్టేవాణ్ణి కాదు" అని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే దేవసహాయం వెళ్ళి భుజం పట్టుకున్నాడు.

నేను అక్క చెప్పింది విన్నాను. డాక్టరు ఎవరు, కాగితం ఉందా, ఎవరు చూశారు అని అడగాలని నాకు తోచలేదు. విన్నది విన్నట్టు నమ్మేశాను. ఆయన మీద నాకున్న ప్రేమ ఎంతో నాకు ఆ నిమిషంలో తెలిసింది, ఆయన వినడానికి లేని నిమిషంలో.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆడాలా వద్దా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. తెల్లవారేసరికి అందరం మిల్లు దగ్గరున్నాం. గేటు కొక్కేనికి బీగం లేదు. సారు లేడు గనుక పెద్దరెడ్డి ఇంక దాన్ని గేటుకు వేసేస్తాడని అనుకున్నాం. లోపలికి తొంగి చూస్తే పెద్దరెడ్డి పంచె ఎగగట్టి, చీపురు పట్టుకుని, కోర్టు ఎడమ మూల ఊడుస్తున్నాడు.

"బీగం యాడ రెడ్డీ?" అన్నాను.

"బాయిలో పడేసినా."

"ఎవరు చూసినారు?" అన్నాడు ఖాదర్ భాయ్ వెనక నుంచి, అలవాటు కొద్దీ.

సారు పోయాక మేమందరం నవ్వింది అప్పుడే. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

గీతలు నేను గీశాను. అక్క బొచ్చె, తాడు, మేకులు పంపించింది. సున్నం ఆయన చివరిరోజు జల్లెడ పట్టినదే. తాడు కట్టినా గీత ఒకచోట కాస్త వంకర వచ్చింది. కొలవడానికి ఎవరూ టేపు తీయలేదు.

మొదటి ఆట నాకూ చిన్నరెడ్డికీ. అతను చాలాసేపు కుడివైపే కొట్టాడు. ఎడమ వైపు కొట్టాల్సిన బంతిని కూడా కావాలని కుడికి కొట్టి నెట్టులో పడేశాడు. చివరికి నేనే నెట్టు దగ్గరకు వెళ్ళి, "ఆడితే సక్రమంగా ఆడు, లేకుంటే సారు ఊరుకోడు" అన్నాను. అతను తల ఊపాడు.

అప్పుడు కొట్టాడు, తన బలమంతా పెట్టి, నా ఎడమ మూలకు. సరిగ్గా అదే సమయానికి నందికొట్కూరు పొలాల మీంచి వేడిగాలి ఒకటి వచ్చింది. ఎదురుగా ఎండ. నేను పరుగెత్తాను గానీ బంతి పడడం చూడలేదు. వేపచెట్టు కిందికి నా మెడ దానంతటదే తిరిగింది. ఆ కుర్చీలో ఎవరూ లేరు, నీళ్ళ కూజా ఒక్కటే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"లోపలే!" అని అరిచాను. మిల్లు గోడలకు తగిలి వెనక్కి వినబడేంత గట్టిగా.

బంతి లేపిందో, గాలి లేపిందో, ఎడమ మూల సున్నం పొడి కాసేపు తెల్లగా లేచి నిలబడింది. తర్వాత మెల్లగా ఆ వంకర గీత మీదే దిగింది.